సోలెడు మైదా బరువెంత

ప్రమీలారాణికి పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. పుట్టింట్లో గడిపిన ఆషాఢం తీసేస్తే మూడు. ఆ తీసివేత ఆమె రోజుకొకసారైనా చేసేది. గుంటూరులో బి.ఎస్సీ. రసాయనశాస్త్రం పాసైన పిల్ల కదా, లెక్క కట్టనిదే ఏ సంతోషమూ సంతోషమనిపించేది కాదు. బాపట్లలో వాళ్ళు అద్దెకుండే రెండు గదుల ఇంట్లో వంటింటికి ఒక కిటికీ, ఆ కిటికీకి పదకొండు ఊచలు. పొద్దున ఎండ ఆరో ఊచ మీదికి వచ్చిందంటే బసవేశ్వరరావు స్నానం ముగించి తల తుడుచుకుంటూ కాఫీకి వస్తున్నట్టే. ఈ సంగతంతా ఆమె తెనాలిలో ఉన్న నాయనమ్మకు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. నాయనమ్మ మాణిక్యాంబ జవాబుగా కార్డు మీద ఒక్క ముక్క రాయించింది: "ఊచలు లెక్కపెట్టడం మాని అన్నం మాడకుండా చూసుకో."

బసవేశ్వరరావు వ్యవసాయ కళాశాలలో మట్టిని పరీక్షించే విభాగంలో డిమాన్‌స్ట్రేటరు. మనిషి నెమ్మది. భార్య ఏం చేసినా బాగుందనేవాడు. ఉప్పు మరిచిపోయిన పప్పు కూడా బాగుందన్నాడు. అది మంచి గుణమనే ప్రమీల అనుకునేది. దాని వల్ల వచ్చే నష్టం ఆమెకు తర్వాత తెలిసింది.

శ్రావణమాసం మొదట్లో ఇద్దరూ రేపల్లె వెళ్ళారు, అత్తవారింటికి. మామగారు రాఘవయ్యకు ఆ నెలాఖరులో అరవై నిండుతాయి. షష్టిపూర్తికి రెండు వందల మంది వస్తారు, వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతుల్లో పెట్టడానికి ఏం చేయించాలా అని అత్తగారు వెంకటరత్నమ్మ వసారాలో చాప మీద కూర్చుని ఆలోచిస్తోంది. బూందీ మిఠాయి చేసే వంటవాడున్నాడు గానీ పంచదార లేదు. అరవై ఆరో సంవత్సరం అది. రేషను కార్డు మీద తప్ప పంచదార కంటికి కనపడని రోజులు.

"బిస్కట్లు చేయిద్దాం అత్తయ్యా! మిఠాయికైనంత పంచదార అవదు. బాపట్లలో బిస్కట్ల బట్టీ ఉంది. సరుకులు మనమిస్తే కాల్చి ఇస్తారు. మొత్తం నేను చూసుకుంటాగా!" అంది ప్రమీల.

ఈ అయిదు మాటల్లో మొదటి నాలుగింటికీ వంక పెట్టడానికి లేదు. అయిదోది మాత్రం మూడు నెలల కాపురం ఇచ్చిన ఉత్సాహం.

వెంకటరత్నమ్మ కోడలి ముఖంలోకి కాసేపు చూసింది. "నువ్వెప్పుడన్నా చేశావా అమ్మాయ్?"

"చెయ్యలేదండి. కానీ నా దగ్గర కొలతలున్నాయి."

"సరే. వంటవాడికి వద్దని కబురు చేస్తా. పంచదార మన కార్డు మీదా, మీ చిన్నత్తయ్యల కార్డుల మీదా పోగు చేసి పంపుతా. జాగ్రత్త మరి! చదువుకున్న కోడలని ఊళ్ళో పదిమందికీ చెప్పుకున్నాను. మాట పోతే నీదొక్కదానిదే పోదు, నాదీ పోద్ది."

అత్తగారు తనను గురించి పదిమందికీ చెప్పుకుందన్న మాటే ప్రమీల చెవిలో పడింది. వెనక ఉన్న హెచ్చరిక పడలేదు. బాపట్ల వచ్చేదాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటూనే ఉంది.

ఇక ఆ కొలతల సంగతి. హాస్టల్లో పక్క మంచం పిల్ల ప్రేమకుమారి ఒక ఇంగ్లీషు పత్రికలోంచి ఎత్తి రాసిచ్చిన కాగితమది. మైదా రెండు కప్పులు, పంచదార ఒక కప్పు, వెన్న గానీ డాల్డా గానీ ఒక కప్పు. నలభై బిస్కట్లు వస్తాయి. మనిషికి నాలుగు చొప్పున రెండు వందల మందికి ఎనిమిది వందలు. అంటే అన్నీ ఇరవై రెట్లు వేస్తే సరిపోతుంది. ఇంత తేలికైన లెక్కకు ఇంగ్లీషు పత్రికలెందుకో అనుకుంటూ, ఆ కాగితం పట్టుకుని బట్టీ దగ్గరికి వెళ్ళింది.

బట్టీ బర్నబాసుది. ఒకప్పుడు దొరల బంగళాలో వంట చేసి, తర్వాత సొంతంగా బట్టీ కట్టుకుని పాతికేళ్ళుగా రొట్టెలూ బిస్కట్లూ కాలుస్తున్నాడు. క్రిస్మసుకు ముందు వారం ఆ బట్టీ ముందు గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళు వీధి మలుపు దాకా నిలబడతారు. తెల్లటి గడ్డం, మోచేతుల దాకా పిండి, మనిషిని చూడకుండా పిండిని చూస్తూ మాట్లాడే అలవాటు.

"కప్పులొద్దమ్మగారూ," అన్నాడు కాగితం వైపైనా చూడకుండా. "ఒకామె టీకప్పంటది, ఒకామె గళాసంటది, ఇంకొకామె సోలంటది. తీరా బిస్కట్లు పేలిపోతే బర్నబాసు డాల్డా తినేశాడంటారు. నా దగ్గర కాటా ఉంది. కిలోలు, గ్రాముల్లో రాసి తెండి. మైదా ఇంత, పంచదార ఇంత, డాల్డా ఇంత. మీరు తెచ్చింది మీ ఎదురుగానే తూచి కలుపుతా."

ఆ మాట ప్రమీలకు ఎంత నచ్చిందో చెప్పలేం. మూడేళ్ళు ప్రయోగశాలలో కళ్ళు పొడుచుకుని నేర్చుకున్న విద్యకు బాపట్లలో ఇన్నాళ్ళకు పని దొరికింది.

"బర్నబాసు గారూ, నేను ఒక పట్టికే రాసిస్తాను. సోలకు ఎన్ని గ్రాములో అందులో ఉంటుంది. గోడకు అంటించుకోండి. ఇక మీకెవరితోనూ గొడవుండదు."

"అంటిద్దాం లెండి," అన్నాడు బర్నబాసు పిండిని చూస్తూ.

ఆ సాయంత్రం వంటింట్లో పరిశోధన మొదలైంది. మొదటి చిక్కు, పత్రికవాళ్ళ కప్పు ఏ కప్పన్నది. పెళ్ళికి ఎవరో ఇచ్చిన పింగాణీ కప్పులో నీళ్ళు పోసి చూశారు, స్టీలు గ్లాసులో పోసి చూశారు. చివరకు పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిన ఇత్తడి సోల బాగుందన్నాడు బసవేశ్వరరావు. ఎందుకు బాగుందని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. కప్పుకు ఎనిమిది ఔన్సులని ఎక్కడో చదివిన గుర్తు. మందు పోసే ఔన్సు గ్లాసుతో పోస్తే సోలలో నీళ్ళు దాదాపు అన్నే పట్టాయి కాబట్టి పరిశోధన నెగ్గిందనే అనుకున్నారు.

ప్రమీల కింద కాగితం పరిచి, సోల నిండా మైదా పోసింది. సోలను నేలకు మూడుసార్లు తట్టింది. పిండి కుదించుకుపోయింది. మళ్ళీ పోసింది. పైన గోపురంలా నిలిచేదాకా, ఇంకొక్క చిటికెడు వేస్తే జారిపోతుందనేదాకా పోసింది. ఇందులో ఆమె ఆలోచించి చేసిందేమీ లేదు. తెనాలి ఇంట్లో గాదె ముందు నాయనమ్మ ధాన్యం కొలుస్తుంటే చూసి పెరిగిన చెయ్యి అది. ఆ ఇంట్లో కొలతంటే కుదించి, గోపురం కట్టి కొలవడమే. తలకొట్టి, అంటే పైన వేలితో రాసి సమం చేసి కొలిచేవాణ్ణి పిసినారి అంటారు. ఇంటికి అరిష్టమని కూడా అంటారు.

"లాభం," అంది, ఒకటి అనడానికి బదులు. అదీ గాదె ముందు నేర్చుకున్నదే.

"బి.ఎస్సీ. వాళ్ళు కూడా లాభమే అంటారా?" అన్నాడు బసవేశ్వరరావు.

"మీరు మాట్లాడకండి. లెక్క తప్పుద్ది."

తర్వాత పంచదార వంతు. రేపల్లె నుంచి నాలుగిళ్ళ కార్డుల మీద పోగై వచ్చిన పంచదార. ఆ సంచీ విప్పేటప్పుడే ఆమె గొంతు తగ్గింది. సోలలోకి మెల్లగా వంచింది. తట్టలేదు, గోపురం కట్టలేదు. చూపుడువేలితో అంచు వెంట రాసి, మీద ఉన్న గింజలన్నీ సంచీలోకే తోసేసింది. కాగితం మీద పడిన నాలుగు గింజలను వేలికద్దుకుని, రెండు తను నాలుక మీద వేసుకుని, రెండు భర్త నోట్లో పెట్టింది.

"బాగుంది," అన్నాడతను.

ఇట్లా ఒక్కొక్కటీ మూడేసిసార్లు కొలిచి పొట్లాలు కట్టింది. మర్నాడు బసవేశ్వరరావు ఆ పొట్లాలను కళాశాలకు పట్టుకెళ్ళి, మట్టి తూచే అద్దాల పెట్టె త్రాసులో, చిమటాతో ఇత్తడి రాళ్ళు పెడుతూ తూచుకొచ్చాడు. పొట్లం కాగితం బరువు కూడా తీసేశాడు. మైదా మూడుసార్లూ ఇంచుమించు ఒకేలా తూగింది. పంచదారా అంతే. తప్పును మూడుసార్లు ఒకేలా చేస్తే అది ఒప్పైపోతుందని ఆమెకు ఏ మేష్టారూ చెప్పలేదు. ఆమే నమ్మింది. సరాసరి తీసి, ఎర్రసిరాతో గీతలు కొట్టి, నల్లసిరాతో పట్టిక రాసింది. సోలెడు మైదా 196.412 గ్రాములు. సోలెడు పంచదార 183.608 గ్రాములు. సోలెడు డాల్డా 215.090 గ్రాములు. కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసింది. ఆ రెండు పేర్లూ పక్కపక్కన రాసే అవకాశం కోసమే పట్టిక వేసిందేమోనని ఎవరైనా అంటే, ఆమె గట్టిగా కాదనలేకపోయేది.

షష్టిపూర్తి శుక్రవారం. మంగళవారం పొద్దున్నే మైదా, పంచదార, డాల్డా రిక్షాలో వేయించుకుని బట్టీకి వెళ్ళింది. సరుకులిచ్చినవాళ్ళు బట్టీ దగ్గరే బల్ల మీద కూర్చోవడం ఆ ఊరి ఆనవాయితీ. కూర్చునేది కాపలాకు. ప్రమీల మాత్రం వాసన కోసం కూర్చుంది.

బర్నబాసు పట్టికను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. "అమ్మగారూ, సోల పంచదార కంటే సోల మైదా ఎక్కువ తూగిందా?"

"తూగింది."

"పంచదార బస్తా, మైదా బస్తా నేను వీపున మోసినోణ్ణి. మైదా బస్తా ఎంత పొడుగుంటదో, అదే బరువు పంచదారైతే ఎంత పొట్టిగా ఉంటదో నాకు తెలుసు. ఎక్కడో తేడా వచ్చిందమ్మా. మైదా కొంచెం తగ్గిద్దాం."

అప్పుడు ప్రమీల ఒక మాట అంది. తర్వాత చాలా ఏళ్ళు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట గుర్తొస్తే నాలిక్కరుచుకునేది.

"మీరు మోసింది బస్తాలు బర్నబాసు గారూ. మేం తూచింది మిల్లీగ్రాములు."

బర్నబాసు గడ్డం గోక్కున్నాడు. "మీ సరుకు, మీ లెక్క," అని ఏడు కిలోల ఎనిమిది వందల యాభై ఆరు గ్రాముల మైదా తూచాడు. ఆ చివరి ఆరు గ్రాములకు అతని దగ్గర రాయి లేకపోతే ఆమె పాత నయాపైస బిళ్ళలు నాలుగు ఇచ్చింది.

పిండి ముద్దకు రాలేదు. కలిపే మనిషి చేతులు మార్చాడు. "ఇసకలాగుందయ్యా," అన్నాడు. బర్నబాసు పాలు చిలకరించి ఎలాగో ముద్ద చేయించాడు. బిస్కట్లు కాలి బయటికొచ్చాయి. ఎంత అందంగా ఉన్నాయంటే, అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, అంచున గీతలు. ప్రమీలకు కళ్ళు చెమ్మగిల్లాయి. బట్టీ వేడి వల్లనుకుంది. మామగారి కోసం చేసినవి తను ముందు ఎంగిలి పడకూడదని రుచి చూడలేదు. సాయంత్రం బసవేశ్వరరావు వచ్చి, ఇంకా వెచ్చగా ఉన్నదొకటి తిన్నాడు.

"బాగుంది," అన్నాడు.

వేడి మీద ఏ బిస్కట్టయినా మెత్తగానే ఉంటుంది. పైగా అతని నోట రెండో మాట వచ్చిందెప్పుడు?

బుధవారం మధ్యాహ్నం నాలుగు రేకు డబ్బాలతో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగారు. రేపల్లె బండి మర్నాడు పొద్దున. రాత్రికి పుట్టింట్లో బస. ప్రమీల వాకిట్లో కాలు పెట్టీ పెట్టకముందే ఒక డబ్బా మూత తీసి నాయనమ్మ చేతిలో బిస్కట్టు పెట్టింది. ఎంగిలి పడకూడదన్న నియమం తనకే గాని నాయనమ్మకు లేదు కదా.

మాణిక్యాంబకు డెబ్బై రెండేళ్ళు, పళ్ళన్నీ ఉన్నాయి. ఆ పళ్ళతో చెరుకు నమిలేది. బిస్కట్టు కొరికింది. మళ్ళీ కొరికింది. నోట్లోంచి తీసి ఎండకు పెట్టి చూసింది. తర్వాత అరుగు అంచుకేసి కొట్టింది. అరుగు సున్నం రాలింది.

"ఏమే పిల్లా, ఇది తినేదా, గోడలో పెట్టేదా?"

ప్రమీల నవ్వబోయి, ఒకటి తీసి తనూ కొరికింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. రాయిలా గట్టిగా ఉంది, పోనీ విరిగాక తియ్యగానూ లేదు. నోరంతా పొడి పిండి.

"లెక్క సరిగ్గానే వేశాం నాయనమ్మా! మూడుసార్లు కొలిచాం. కళాశాల త్రాసులో తూచాం."

"త్రాసు సంగతి కాదు. ఎట్టా కొలిచావో చెయ్యి పెట్టి చూపించు."

ఇంట్లో మైదా ఉంది, సోల ఉంది. ప్రమీల కొలిచి చూపించింది. మూడుసార్లు తట్టడం, గోపురం. నాయనమ్మ తృప్తిగా తలాడించింది. "బాగానే కొలిచావే. మన ఇంటి చెయ్యి."

"పంచదారేమో ఇట్లా..." అంటూ వేలితో అంచు రాయడం చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఆ వేలు సోల అంచు మీద సగంలో ఆగిపోయింది.

ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పత్రిక రాసిన దొరసాని రెండింటినీ ఒకే చేత్తో కొలిచి ఉంటుంది. తను మైదాను గాదె ముందు కూర్చున్న దాతలా, పంచదారను రేషను షాపువాడిలా కొలిచింది. త్రాసు తప్పు చెప్పలేదు. తను ఇచ్చిన తప్పును మూడు దశాంశ స్థానాల వరకు నిజాయితీగా తూచింది.

మైదాను వదులుగా పోసి తలకొట్టి కొలిచింది. బసవేశ్వరరావు దాన్ని వీధి చివర కొట్లో తూయించుకొచ్చాడు. నూట ముప్పై. ప్రమీల అరుగు మీద కూలబడింది. "సోలకు అరవయ్యారు గ్రాములండీ! నలభై సోలలకు రెండు కిలోల ఆరు వందలు పైన! ఆ లెక్కన డాల్డా కూడా చాలలేదు! బర్నబాసు చెబుతూనే ఉన్నాడు!"

"పోనీ బజార్లో బిస్కట్లు కొనేద్దాం," అన్నాడు బసవేశ్వరరావు. "తెనాల్లో నాలుగు కొట్లు తిరిగితే దొరుకుతాయి. కాగితాలు తీసేసి డబ్బాల్లో పోస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆమె చేసినదాని గురించి పెళ్ళయ్యాక అతను బాగుంది అని కాకుండా ఇంకేదైనా అనడం అదే మొదలు. ప్రమీల ఒక నిమిషం పాటు ఆశపడింది కూడా. ఎవరికీ తెలీదు. చదువుకున్న కోడలు చదువుకున్న కోడలిగానే ఉంటుంది. కానీ ఈ రాళ్ళను ఏం చేస్తారు? ఇందులో ఉన్నది నాలుగిళ్ళ వాళ్ళు తమ పిల్లల పాలలో వేసుకోకుండా పంపిన పంచదార. కాలవలో పారబోస్తారా?

"వద్దండీ. ఆ పంచదార మనది కాదు. అత్తయ్యకు చెప్పేస్తా."

"చెబితే?"

"తిడతారు."

"పోనీ టీలో ముంచుకుని తినమందాం," అన్నాడతను జాలిగా. నాయనమ్మ అతని ముందు ఇంకో ఫలహారం పళ్ళెం పెట్టి లోపలికి వెళ్ళి నవ్వుకుంది.

గురువారం రేపల్లె బండి ఎప్పటికన్నా త్వరగా వెళ్ళినట్టనిపించింది. ఇంటిముందు పందిరి వేస్తున్నారు. డబ్బాలు దించగానే రాఘవయ్య ఎదురొచ్చాడు. ఆయనకు పైవరసలో మూడు పళ్ళే మిగిలాయి. ప్రమీల వద్దు మామయ్యగారూ అనే లోపే ఒక బిస్కట్టు తీసి నోట్లో వేసుకున్నాడు. బుగ్గ అటు ఉబ్బింది, ఇటు ఉబ్బింది. కాఫీ తెచ్చారు, తాగాడు. పందిరి మనుషులతో తాళ్ళ సంగతి మాట్లాడి వచ్చాడు. బుగ్గ ఉబ్బే ఉంది.

"బాగుందమ్మా," అన్నాడు ఎట్టకేలకు. "ఎంతసేపటికీ తరగదు."

కొడుక్కి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో ప్రమీలకు అప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. వెంకటరత్నమ్మ కూరలు తరిగించే పనిలో ఉంది. ప్రమీల గబగబా మొత్తం చెప్పేసింది. గోపురం, వేలితో రాయడం, బర్నబాసు చెప్పినా వినకపోవడం, కొట్లో కొనాలన్న ఆశ, అన్నీ. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. చివర, అలవాటు ఎక్కడికి పోతుంది, "మొత్తం మీద పంచదార కిలో ఎనిమిది వందల డెబ్బై ఆరు గ్రాములు, డాల్డా రెండు కిలోల రెండు వందలు లోటు వచ్చాయి అత్తయ్యా," అంది.

వంటింట్లో కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది. వెంకటరత్నమ్మ లేచి డబ్బా దగ్గరికి వచ్చింది. ఒకటి తీసి రెండు చేతులతో విరిచింది. పొడి నాలుక మీద వేసుకుంది.

"వంటవాడు ఇప్పుడు దొరకడు. చీరాల్లో పెళ్ళికి పోయాడు," అంది.

"తెలుసండి."

"రేపు పొద్దున రెండొందల మంది."

"తెలుసండి."

"మాడలేదు కదా? వాసన రాలేదు కదా?"

"లేదండి. గట్టిపడ్డాయంతే. తీపీ నెయ్యీ చాల్లేదు."

"చాలనిది తీపీ నెయ్యే అయితే ఏడుపెందుకే? పంచదారకు కార్డు గానీ బెల్లానికి కార్డా?" అని వెంకటరత్నమ్మ పమిట నడుముకు బిగించింది. "రోకళ్ళు తీయించు. దంచుదాం."

ఎనిమిది వందల బిస్కట్లను రెండు రోళ్ళలో పోసి దంచారు. ఒక్కొక్క రోటికి ఇద్దరు. అంచున గీతలున్న అందమైన బిస్కట్లు. మొదటి పోటుకు ప్రమీల గుండె కలుక్కుమంది. పదో పోటుకు అలవాటైంది. ఇరవయ్యో పోటుకు బాగానే ఉందనిపించింది. పక్కన పెద్ద పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతోంది. యాలకులు, వేయించిన జీడిపప్పు, గేదె నెయ్యి.

"ఎంత వెయ్యమంటావు బెల్లం? నువ్వేగా లెక్క చెప్పేదానివి," అంది అత్తగారు.

"ఒకటీ ఎనిమిది వందల డెబ్బై ఆరు..."

వెంకటరత్నమ్మ రెండు కిలో అచ్చులు వేసింది. పొడిని పాకంలో కలిపి పిడికిట పట్టి చూసింది. విడిపోయింది. కోడలి వైపు చూడకుండానే ఇంకొక అచ్చు వేసింది. మళ్ళీ పట్టి చూసింది. ఇంకొక సగం అచ్చు, రెండు గరిటెల నెయ్యి. అప్పుడు ఉండ నిలిచింది.

"బిస్కట్టుకు చాలే తీపి ఉండకు చాలదమ్మాయ్. దాని లెక్క దానిదే," అంది. తిట్టు అంతే. ప్రమీల ఇంకొంచెం తిడుతుందేమోనని ఎదురుచూసింది. అత్తగారికి తీరిక లేదు. దీపాలు పెట్టే వేళకు నాలుగు వందల ఉండలు తాంబాళాల్లో చేరాయి. ప్రమీల అరచేతులు బొబ్బలెక్కాయి. ఎన్ని బొబ్బలో ఆమె లెక్కపెట్టుకుంది. అయిదు.

శుక్రవారం షష్టిపూర్తి బ్రహ్మాండంగా జరిగింది. మనిషికి రెండేసి ఉండలు. ఒకటి తిన్నవాళ్ళు ఇంకొకటి దాచుకోకుండా అదీ తినేశారు. రాఘవయ్య అయిదు తిన్నాడు. ఈసారి బుగ్గ ఉబ్బలేదు. ఇదేం మిఠాయి, ఏం పిండి, సున్నుండ కాదు, రవ్వ కాదు, ఎక్కడ నేర్చారని పందిట్లో ఒకటే అడగడం. పక్క వీధి సుబ్బరత్నమ్మ అయితే, వచ్చే నెల మనవడి బారసాల పెట్టుకుందట, ఆడవాళ్ళందరి మధ్యలోంచి తోసుకుంటూ వచ్చింది.

"వెంకటరత్నమ్మొదినా, ఎట్టా చేశారో చెప్పకపోతే నేనిక్కడి నుంచి కదల్ను."

వెంకటరత్నమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకేం తెలుసు? మా కోడల్ని అడుగు. చదువుకున్నది. అంతా దాని లెక్కే."

పదిమందీ ప్రమీల వైపు తిరిగారు. పందిరి గుంజకు ఆనుకుని బసవేశ్వరరావు చూస్తున్నాడు. అత్తగారు పక్కకు తిరిగి తమలపాకులు తుడుస్తోంది, కానీ చెవులు ఇటే ఉన్నాయి. ఏదో ఒక రెండు ముక్కలు చెప్పి తప్పించుకోవచ్చు. మైదా, బెల్లం, నెయ్యి అంటే చాలు. అబద్ధం కూడా కాదు. కానీ ఆ ముసలావిడ ఇంటికి వెళ్ళి అట్లా చేస్తే మనవడి బారసాలకు జిగురు తప్ప ఇంకేమీ రాదు.

"ఏం లేదు పిన్నిగారూ," అంది ప్రమీల గొంతు సవరించుకుని. "ముందు బిస్కట్లు చెయ్యాలి. అవి చెడిపోవాలి. రాయిలా గట్టిపడి, అరుగుకేసి కొడితే అరుగు పగలాలి. బట్టీ ఆయన వద్దంటాడు, ఆయన మాట వినకూడదు. తర్వాత మా అత్తయ్య వచ్చి వాటిని బాగు చేస్తుంది."

పందిరంతా నవ్వు. వెంకటరత్నమ్మ చేతిలో తమలపాకులు జారిపోయాయి. నవ్వు ఆపుకోలేక పమిట నోటికడ్డం పెట్టుకుంది. ప్రమీల తనే అందరికంటే ముందు నవ్వడం మొదలుపెట్టింది, అందరికంటే ఆలస్యంగా ఆపింది.

సుబ్బరత్నమ్మ ఒక్కతే నవ్వలేదు. కొంగున ముడేసుకున్న పెన్సిలు ముక్క తీసి, శుభలేఖ వెనకవైపు తిప్పి, ప్రమీల పక్కనే చాప మీద చతికిలబడింది.

"అది సరేనమ్మా. ఎంత చెడాలి?" అంది. "గ్రాములు గీములు నాకు తెలీవు. సోలల్లో చెప్పు."